నేను మలుపుత

నిన్న గొర్రెపిల్లల దొడ్డికి అడ్డంగా కట్టిన వల మళ్లీ తెగింది. ముడి వేస్తుంటే పై అంచున మాసిన తెల్లపట్టీ చేతికి తగిలింది. ఒకప్పుడు అది దేవరకొండ దిక్కున మా ఊరి బడి మైదానంలో బిగించిన వాలీబాల్ నెట్టు.

ప్రత్యేక రాష్ట్రం వచ్చిన కొత్తలో ఒక ఎండాకాలం, మా బిడ్డ ఊళ్లోని ఆడపిల్లలకు ఆట నేర్పేది. ఆ రోజు చేయించాల్సినవన్నీ పొద్దున్నే దొడ్డిగోడ మీద సుద్దతో రాసుకునేది. ముందు తాడు దూకడం, తర్వాత గోడకు కొట్టిన బంతిని రెండు చేతులతో ఎత్తడం, ఆ తర్వాత సర్వీసు, చివర ముగ్గురేసి జట్లుగా ఆట. తల నెరిశాక నేను అక్షరాలు నేర్చుకున్నది ఆ గోడ మీదే. అందుకే నాకు 'ఆవు' కంటే ముందు 'సర్వీసు' చదవడం వచ్చింది.

అప్పటికే ఊరి పెద్దలు తేల్చి చెప్పారు. ఆదివారం పక్కూరి జట్టు మీద గెలిస్తే సాయంత్రాలు మైదానం ఆడపిల్లలది, ఓడితే మగపిల్లలది. మా బిడ్డకు అన్నం సహించలేదు. పిల్లలకు ఆట రాక కాదు. ఇద్దరి నడుమ బంతి పడితే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నిలబడేవారు. 'నాది' అని అరవమంటే నోరు పెగిలేది కాదు. అందరికంటే బాగా ఆడే మా మరిది బిడ్డ అయితే మరీను. వాళ్ల నాయిన రోజూ మైదానం అంచున తువ్వాల పరుచుకుని కూర్చునేవాడు. "ఆడపిల్ల గొంతు వాకిలి దాటొద్దు వదినె," అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతు మాత్రం మూడు వాకిళ్లు దాటేది.

అరవకుండా బంతి ముట్టుకున్నవాళ్లు బయటికి పోవాలని మా బిడ్డ ఒక ఆట పెట్టింది. కాసేపటికి అందరూ బయటే ఉన్నారు. "గిట్ల మూగనోము పడితే ఎట్ల గెలుస్తమే?" అంటూ విజిలు నేలకేసి కొట్టింది.

శుక్రవారం పొద్దుగూకే వేళ ఇంటికి మళ్లిన మా మంద మైదానంలోకి చొరబడింది. ఒక పొట్టేలు పక్క చేనులోకి దూకింది. ఇద్దరు పిల్లలు ఒకేసారి కదిలారు.

"నేను మలుపుత! నువ్వు మందకాడ ఆగు!"

ఆ కేక మరిది బిడ్డది. రెండో పిల్ల ఠక్కున ఆగింది. గొర్ల కాడ నేను వెనక్కి తిప్పుకొస్తానని ఒకరు అలా అనకపోతే ఇద్దరూ ఒకదాని వెంటే పోతారు, మంద చేలపాలవుతుంది. ఆ కేక మా బిడ్డ చెవిన పడింది. ఇంటికొచ్చి గోడ మీద మర్నాటికి రాసుకున్నదంతా తుడిచేసింది. శనివారం ఒకటే ఆట. నెట్టు అవతలి నుంచి తాను బంతి విసిరేది, అందుకునే పిల్ల ఆ కేకే వేయాలి. "అది బంతి కాదే, తప్పిన గొర్రె అనుకోండ్రి!"

ఆదివారం ఆఖరి సెట్టులో మావాళ్లు ఒక్క పాయింటు ముందున్నారు. ఇంకొక్కటి చాలు. పైకి లేచిన బంతి మరిది బిడ్డకూ ఇంకో పిల్లకూ సరిగ్గా నడుమ దిగుతోంది. ఎదురుగా తండ్రి. ఆ పిల్ల ఆయన దిక్కు చూసింది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"నేను మలుపుత!"

రెండో పిల్ల పక్కకు తప్పుకుంది. మరిది బిడ్డ కొట్టిన బంతి అవతలి నేల మీద పడింది.

మరిది లేచి నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను. తువ్వాల దులిపి భుజాన వేసుకుని, "గొంతు నాదే వచ్చింది వదినె," అన్నాడు.

ఆ పిల్ల ఇప్పుడు పాలమూరులో పిల్లలకు ఆట నేర్పుతోంది. గోడ మీది సుద్దరాత వానలకు ఎప్పుడో పోయింది. తప్పిపోయిన గొర్రెను ఒక్క కేకతో మలపవచ్చు; పోయిన పొద్దు మాత్రం ఎంత గొంతుకూ వెనక్కి మళ్లదు.