తల ఊడే ల్యాప్‌టాపూ, తెరిచిన మైకూ

ఒకే ఒక్క సాయంత్రంలో, సోఫా మీంచి లేవకుండా, పరువునీ ప్రాణస్నేహితురాలినీ కలిపి పోగొట్టుకోవడం ఎలాగో నేర్పమంటే నేర్పగలను. నాకా విద్య బాగా వచ్చు. నవ్వొస్తే మొహమాటపడకండి. మా భిలాయిలో ఇప్పటికే చాలామంది నవ్వేశారు, తెలుగులో కొందరు, హిందీలో కొందరు.

అప్పట్లో నేను మా క్వార్టర్‌లో కూర్చుని టెన్త్ పిల్లలకి ఆన్‌లైన్‌లో లెక్కల ట్యూషన్ చెప్పేదాన్ని. సైన్సు పద్మక్క చెప్పేది. ఆవిడ నాకన్నా కాస్త పెద్దది. వాళ్లాయనకి క్యాంప్ 2 పేటలో హార్డ్‌వేర్ దుకాణం. ట్యూషన్ ఇద్దరం కలిసి మొదలుపెట్టాం, పిల్లల్ని కలిసే పోగుచేశాం.

నా దగ్గరున్నది తల ఊడే ల్యాప్‌టాపు. తెర పట్టుకుని లాగితే కీబోర్డు నుంచి విడిపోయి పలకలా చేతికొస్తుంది. దానిమీద పెన్నుతో లెక్క చేస్తే అక్కడ పిల్లలకి కనిపిస్తుంది. వయసులో ఉన్నప్పుడు చురుకైనదే. ముసలిదయ్యాక మాత్రం నేనొక గీత గీస్తే, అది తీరిగ్గా ఆలోచించి, నేను తర్వాతి లెక్కకి వెళ్లాక గీసేది. "మ్యామ్, మైనస్ నహీఁ దిఖ్ రహా" అని పిల్లల గోల. మైనస్ కనిపించని లెక్కా, ఉప్పు పడని పప్పూ ఒకటే కదా!

కొత్త మోడల్ వచ్చింది. కొనాలా, వద్దా? ఆలస్యం అమృతం విషం అంటారు. నేనైతే ఆ విషాన్ని చిక్కబడేదాకా మరగబెట్టాను. దాన్ని పొగిడే వీడియోలు చూశాను, తిట్టే వీడియోలు చూశాను. పాలవాణ్ణి తప్ప అందర్నీ సలహా అడిగాను. మా ఆయన స్టీలు ప్లాంటులో ఇంజనీరు. ఆయనతో రోజూ ఇదే రామాయణం.

"పాతది పనిచేస్తోందా?"

"చేస్తోంది."

"అయితే ఉంచు."

"సరిగ్గా చెయ్యట్లేదండీ."

"అయితే కొను."

"కొన్నాక అదీ ఇలాగే అయితే?"

"ఉమా, మా దగ్గర ఫర్నేసు మార్చాలన్నా ఇంత మీటింగు జరగదు."

నేనిలా తర్జనభర్జన పడుతుండగానే పద్మక్క అదే మోడల్ కొనేసింది. ఎవర్నీ అడగలేదు, ఒక్క వీడియో చూడలేదు. దుకాణానికి వెళ్లి, అరటిపళ్లు కొన్నట్టు కొనుక్కొచ్చింది. ఆవిడ క్లాసులో గుండెకాయ తెరమీద కొట్టుకోవడం మొదలుపెట్టింది. నా గుండెకాయ కూడా, కాస్త వేరే రకంగా. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, పొరుగింటి కంప్యూటరు ముందు పుల్లకూర ఏపాటిది?

నా మొహం చూసి పద్మక్కకి అర్థమైపోయింది. బొబ్బిలిలో మేనకోడలి పెళ్లికి బయల్దేరుతూ, ఆ మిషను సంచీలో పెట్టుకుని మా ఇంటికొచ్చింది.

"ఏటే ఉమా, అలా దిగాలుగా చూస్తావేటి? నేనొచ్చేదాకా ఇది నీ దగ్గరే ఉంచు. రాసి చూడు, పాఠం చెప్పి చూడు. నచ్చితే కొనుక్కో, లేపోతే ఊరుకో."

"అయ్యో, నీది నాకెందుకక్కా? నీకు పెళ్లిలో క్లాసు చెప్పాలంటే?"

"పెళ్లిలో క్లాసేటే? ఫోను చాల్దా! ఓలమ్మ, నాకాడ మొహమాటమేటి నీకు?"

తీసుకున్నాను. వాడాను. అది అద్భుతంగా ఉంది. ఆ సంగతే నాకు నచ్చలేదు. దాన్లో ఏదో ఒక లోపం దొరికితే, "అబ్బే, ఏముంది అందులో" అనుకుని హాయిగా నిద్రపోదామనుకున్నాను. దొరకలేదు. గీత గీస్తే, గీద్దామనుకున్నది కూడా గీసేలా ఉంది.

ఆ ఆదివారం సాయంత్రం పరీక్షల ముందు తల్లిదండ్రులతో ఆన్‌లైన్ మీటింగు పెట్టుకున్నాం. పద్మక్క బొబ్బిలి నుంచి ఫోన్‌లో చేరతానంది. ఇంకా టైముంది కదా, ఆఖరి పరీక్ష పెట్టేద్దామని నాకు బుద్ధి పుట్టింది. పాతదాన్లోనూ కొత్తదాన్లోనూ కూడా మీటింగు తెరిచి, తెరలు రెండూ ఊడదీసి, టీపాయ్ మీద పక్కపక్కన నిలబెట్టి, ఎందులో నా మొహం బాగుందో చూడమని మా ఆయన్ని కూర్చోబెట్టాను.

పక్కపక్కన పెట్టగానే రెండూ ఒకదాని గొంతు ఒకటి విని కీచుమని అరిచాయి. గబగబా రెండింటి సౌండూ పూర్తిగా తగ్గించేశాను. పాతదాని మైకు తెరమీదే వేలు పెట్టి ఆపాను. కొత్తదానికి కీబోర్డు మీద మైకు ఆపే మీట ఉంది. దాన్ని నొక్కాను, గట్టిగానే నొక్కాను. మీట ఉన్న కీబోర్డు సోఫా మీదుంది, మైకు ఉన్న తెర టీపాయ్ మీదుంది. తెగిపోయిన తోకని నొక్కితే బల్లి ఆగుతుందా?

అంటే, మేము మాట్లాడేది అందరికీ వినిపిస్తుంది. వాళ్లు మొత్తుకునేది మాకు వినిపించదు. ఫోను లోపలి గదిలో చార్జింగులో ఉంది. ఇంతకన్నా పకడ్బందీగా గొయ్యి తవ్వుకోవడం మనిషికి సాధ్యం కాదు.

"కొత్తదాన్లో కాస్త సన్నంగా కనిపిస్తున్నావు. కొనెయ్," అన్నారు మా ఆయన.

"కొంటే, పద్మక్కని చూసి కొన్నానంటారు."

"అంటే అన్నారు. నీకు అవసరం కదా?"

"నాకేం అవసరం? అవసరం ఆవిడకి. ఆ గుండెకాయలూ గ్రహాలూ గిరగిరా తిప్పకపోతే ఆవిడ క్లాసులో ఎవరు కూర్చుంటారండీ? నేను నేలమీద ముగ్గుపిండితో రాసినా పిల్లలొస్తారు. వీళ్లందరూ చేరింది లెక్కల కోసం. సైన్సంటారా? కూరగాయలు కొంటే వాడు ఊరికే నాలుగు కరివేపాకు రెబ్బలు పడేస్తాడు చూడండి, అదీ."

మా ఆయన నవ్వారు. "ఆవిడ వింటే నీ పనైపోతుంది."

"వింటే విననీండి. పెళ్లివారింట్లో లడ్డూలు తినడానికే తీరికుండదు, మన మాటలేం వింటుంది?"

నోరు మంచిదైతే ఊరు మంచిది అన్నారు పెద్దలు. వాళ్ల కాలంలో మైకులు లేవు కాబట్టి అక్కడితో ఆపారు.

మా ఆయన నవ్వు సగంలో ఆగింది. "ఉమా, ఈ పక్కన ఏవో అక్షరాలు పరిగెడుతున్నాయి, చూడు."

చూశాను. మీటింగులో అప్పటికే చాలామంది చేరిపోయారు. పక్కన సందేశాలు బారులు తీరాయి. హిందీవాళ్లలో ఒక తండ్రి, "మేడమ్ తెలుగు మే క్యా బోల్ రహీ హైఁ? ఎగ్జామ్ కా కుఛ్ హై క్యా?" అని అడిగాడు. పరీక్షల సంగతేమో, మిస్సయిపోతామేమోనని ఆయన భయం. దానికి ఒక పిల్లాడి తాతగారు అప్పలరాజుగారు, రిటైరై ఖాళీగా ఉన్న పరోపకారి, ఆగకుండా నా కరివేపాకుని హిందీలోకి అనువాదం చేసి పెట్టారు: "మేడమ్ కా కహనా హై, సైన్స్ కఢీ పత్తా హై. సబ్జీ కే సాథ్ ఫ్రీ."

దాని కింద ఒక తల్లి: "తో ఫిర్ సైన్స్ కీ ఫీస్ క్యోఁ లేతే హైఁ?"

ఊరికే ఇచ్చేదానికి ఫీజెందుకు? తర్కంలో తప్పులేదు. లెక్కల టీచర్ని కాబట్టి ఒప్పుకోవాల్సొచ్చింది.

సందేశాలు పైకి జరిపాను. అన్నింటికన్నా పైన పద్మక్క సందేశాలున్నాయి. "ఉమా, మైకు తెరిచి ఉంది." తర్వాత, "మైకే, మైకు ఆపీయే." తర్వాత, "ఫోన్ ఎత్తు." అన్నీ కరివేపాకుకి ముందువే. నన్ను కాపాడ్డానికి పెళ్లి పందిట్లోంచి కొట్టినవి. కరివేపాకు తర్వాత ఆవిడ ఒక్క ముక్క రాయలేదు.

మైకు ఆపాలో, మాట్లాడి సర్దుకోవాలో తెలియక నేను సౌండు పెంచాను. సన్నాయి వినిపించింది. దాని మీంచి పద్మక్క గొంతు, ఏమీ జరగనట్టు: "నమస్తే. బచ్చోఁ కా సైన్స్ కా కోర్స్ పూరా హో గయా హై. కల్ సే రివిజన్."

సైన్సు పాఠాలన్నీ అయిపోయాయట, రేపట్నించి రివిజనట. నా లెక్కల్లో మాత్రం ఇంకో పాఠం మిగిలే ఉంది.

పద్మక్క ఊరినుంచి రాగానే, మిషను తుడిచి, సంచీలో పెట్టుకుని క్యాంప్ 2కి పరిగెత్తాను. ఆవిడ లోపలికి రమ్మంది, కుర్చీ వేసింది, మంచినీళ్లిచ్చింది. తిట్టి ఉంటే ఎంత బాగుండేది!

"అక్కా, నోరు జారాను."

"జారడమంటే ఒక మాట జారడమే. నువ్వు కూకుని పాఠం చెప్పీసేవు."

"నా ఉద్దేశం అది కాదక్కా..."

"అదే. అబద్ధమేటి దాన్లో? పిల్లలు లెక్కలకే వస్తారని నాకు తెల్దా? తెలిసే నీ పక్కన చెప్పేను ఇన్నాళ్లూ. నా క్లాసూ నిలబడాలని ఈ మిషను కొన్నాను. దాన్ని చూసి నువ్వు కుళ్లుకుంటన్నావనీ తెలుసు. వాడితే ఆ కుళ్లు తగ్గుతాదేమోనని తెచ్చిచ్చేను."

నేను సంచీ ఆవిడ ముందుకు తోశాను. ఆవిడ ముట్టుకోలేదు.

"నువ్వే ఉంచీసుకో. దుర్గ్‌లో ఒక స్కూల్లో రమ్మన్నారు, చేరిపోతన్నాను. ఆడ నల్లబల్లుంటాది."

"అక్కా, మన ట్యూషన్?"

"నీది. ఫీజెందుకని అడిగిన తల్లికి నేనేటి చెప్పాలి, చెప్పు? మా వదినా వాళ్లు నా పక్కనే కూకున్నారే. అందరూ విన్నారు."

మా ఆయన పట్టుబట్టి ఆ మిషను ఖరీదు పంపించారు. పద్మక్క మారుమాట్లాడకుండా తీసుకుంది. వద్దని తిప్పి పంపి ఉంటే, ఇంకా ఏదో బంధుత్వం మిగిలిందనుకునేదాన్ని.

అలా, కొత్తది కొనాలా వద్దా అన్న నా మహా సందేహం తీరింది. గీత గీస్తే టక్కున పడుతోంది, మైనస్ ఎవరికీ కనిపించకుండా పోవట్లేదు. పిల్లలు మాత్రం కనిపించకుండా పోయారు. లెక్కల కోసమే వస్తారనుకున్న వాళ్లలో సగంమంది, సైన్సు లేదని తెలియగానే రెండూ చెప్పే ఇంకో చోటికి చేరిపోయారు. కొత్త మిషను మీద, మిగిలిన సగానికి, నా గొప్ప లెక్కలు చెప్పుకున్నాను.

మొన్న సివిక్ సెంటర్‌లో చెప్పుల దుకాణం ముందు పద్మక్క ఎదురైంది. తప్పించుకుపోతుందనుకున్నాను. పోలేదు. ఆగింది, నవ్వింది కూడా.

"బాగున్నారా ఉమగారూ? ఇంట్లో అందరూ కులాసాయేనాండీ?"

బాగున్నామండీ అన్నాను. ఇంకేమంటాను? తనకన్నా చిన్నదాన్ని, నిన్నటిదాకా తను 'ఏటే' అన్న నన్ను, 'గారూ' అని పిలవడం కన్నా పెద్ద తిట్టు తెలుగులో ఉందేమో నాకు తెలియదు. ఉన్నా ఆవిడకి దాని అవసరం రాలేదు.

కాబట్టి ఈ వ్యాసం చదివిన పెద్దలందరి సాక్షిగా, తడిబట్టలతో నిలబడ్డంత నిష్ఠతో ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట ఎవరి గురించైనా ఒక మాట అనాలనిపిస్తే, చాటున అనను. నేరుగా వాళ్ల ఎదుట నిలబడి, కళ్లలోకి చూసి, మొహం మీదే అంటాను. అంత ధైర్యం నాకు ఈ జన్మలో రాదు కాబట్టి, ఇక ఎవరికీ భయం లేదు.