చీలమండల డాక్టరు

మత్తు డాక్టరు శ్రీరామ్మూర్తిగారు ముఖం చూసి మనిషిని గుర్తుపట్టలేరు. చీలమండ వెనక నరం చూపిస్తే మాత్రం ఊరూ పేరూ చెప్పేస్తారు. పెళ్లిచూపుల్లో ఆయన తలెత్తకపోతే, కుర్రాడికి సిగ్గెక్కువని అత్తవారు మురిసిపోయారట. పాపం, ఆయన చూస్తున్నది పెళ్లికూతురి చీలమండలు. గాజువాక బస్సులోనూ అదే వరస.

థియేటర్ నర్సు కృపావతికి ఈ పిచ్చితో ప్రాణం విసిగిపోయేది. రేపు వెన్ను ఆపరేషనంటే ఇవాళ సాయంత్రం ఆయన రోగిని బోర్లా పడుకోబెట్టి, కాళ్ల దగ్గర స్టూలేసుకుని అరగంట కూర్చునేవారు. చివరికి చీలమండ వెనక నీలిసిరాతో సున్నా చుట్టేవారు. వీపు కోసేటప్పుడు చేతికి పెట్టిన సెలైన్ సూది ఊడితే రోగిని తిప్పలేం, అప్పుడు కాలే దిక్కని ఆయన వాదం. పదేళ్లలో ఒక్క సున్నా అయినా పనికొచ్చిందా అని సర్జన్ కొండలరావుగారు నవ్వేవారు.

ఎనభై రెండులో, ఫిషింగ్ హార్బరులో చేపలమ్మే అసిరమ్మ వెన్నులో గడ్డతో చేరింది. అంత పెద్ద డాక్టరు ముట్టుకోబోయేసరికి కాళ్లు ముడుచుకుంది.

"సేపలమ్ముకునేదాన్ని బాబూ. మీరు నా కాళ్లట్టుకుంతే నాకు పాపం సుట్టుకోదేటి?"

ఆయన వినిపించుకోలేదు.

మర్నాడు ఆపరేషన్ సగంలో నెత్తురు ఆగలేదు. సరిగ్గా అప్పుడే చేతి సూది ఊడింది. బీపీ పడిపోతోంది. వీపు తెరిచి ఉంది, తిప్పడానికి లేదు. చేతుల్లో నరాలు దొరకడం లేదు. శ్రీరామ్మూర్తిగారు కాళ్లవైపు దుప్పటి ఎత్తి, సున్నాలో సూది గుచ్చారు. సెలైన్ పారింది, వెనకే రక్తం సీసా ఎక్కింది. అసిరమ్మ బతికింది. కొండలరావుగారు ఆ రోజు నవ్వలేదు.

కృపావతికి ఒక్క అనుమానం మిగిలింది. నరం వెతకడానికి నిమిషం చాలు కదా, అరగంట దేనికి? వారం పోయాక ఆ మాటే అసిరమ్మనడిగింది.

"మొకం కనపడకపోతే మాట పైకొస్తాదమ్మా," అంది అసిరమ్మ. "దేనికి బెంగని ఆ బాబడిగినారు. వేలంపాట కాడ నా సోటు ఇంకోలట్టుకుంతారని ఏడిసీసినాను."

మర్నాడు తెల్లారకముందే, ఆ చోటు ఏమైందో చూద్దామని కృపావతి హార్బరుకెళ్లింది. ఆ చోటులో ఖాళీ గంప ముందు పెట్టుకుని శ్రీరామ్మూర్తిగారు గొంతుక్కూర్చుని ఉన్నారు. వారం నుంచీ ఇదే పనట. ఆయనకు కొనడం రాదు, అమ్మడం రాదు. ఎవరు జరగమన్నా వాళ్ల మడమలకేసి చూస్తూ, "ఇది అసిరమ్మది. నెల్లాళ్లలో వచ్చేస్తుంది," అంటున్నారు.

ఇన్నాళ్లూ ఈ మనిషినా విసుక్కున్నానని కృపావతి సిగ్గుపడింది. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని పక్కనే కూర్చుంది.

"ఈపూట నాకు సెలవు. మీరు డ్యూటీకి వెళ్లండి సార్. గంప నేను చూసుకుంటాను."