వెనక వైపు లేని కారు

మా చిన్నప్పుడు... ఒక ఆదివారం సాయంత్రం, షేక్‌పేట నెట్ సెంటర్లో, నా దోస్తు యాదగిరి మౌస్ పట్టుకుని కంప్యూటర్లో మేం తయారు చేసిన కారును ఇటు నుంచి అటు తిప్పాడు. 

"ఏందిరా గిది... ఎనకకెల్లి బోడిగుంది?"

నిజమే. ముందు మెరిసే గ్రిల్, గుండ్రటి దీపాలు, కుడి పక్కన బంగారు రంగు గీత. వెనక మాత్రం సున్నం కొట్టిన గోడలా ఖాళీ. ఎడమ తలుపుకు పిడి కూడా లేదు. పోటీ గడువు ఆరింటికి. అప్పటికి గంట కూడా లేదు.

ఊరంతా హైటెక్, హైటెక్ అని ఊగిపోతున్న రోజులవి. జూబ్లీహిల్స్‌లో బండలు పగలగొట్టి మేడలు లేపుతున్నారు. మేం ఆడే ఆటలో కారు తోలడం కాదు, తయారు చేయడమే పని. ఇంజిన్, బాడీ, సీట్లు... అన్నీ మనమే కూర్చాలి. ఆ పిచ్చి ఉన్నవాళ్లంతా దేశదేశాల నుంచి నెట్‌లో ఒక ఫోరంలో చేరి పోటీలు పెట్టుకునేవారు. ఆసారి అడిగింది కొండ దారుల్లో తిరిగే చిన్న కుటుంబం కారు. ఇంజిన్ యాదగిరిది. ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కలేక ఆటోలు దగ్గడం వింటూ పెరిగినవాడు, వాడికి ఒకరు నేర్పాలా? రూపం నాది.

ఆ రూపం మీదే నా బతుకంతా ఆధారపడి ఉంది.

మా నాన్న సినిమా సెట్లు వేసేవాడు. గుంటూరు వైపు నుంచి వచ్చిన మనిషి. పదో తరగతి కాగానే నన్ను హాస్టల్ కాలేజీలో పడేసి, లెక్కలు రుద్దించి, సాఫ్ట్‌వేర్ ఇంజినీరును చేయాలని ఆయన ఆశ. రేకు పెట్టె కొనేశాడు. దాని మీద నా పేరు సెట్ పెయింటర్ చేత కటౌట్ అక్షరాల్లో రాయించాడు కూడా. నేను బొమ్మలు గీసుకుంటాను మొర్రో అని ఏడిస్తే, చివరికి ఒక మాట ఇచ్చాడు.

"మనల్ని ఎరగనివాడు ఒక్కడు నీ పని బాగుందని చెప్పనీ. పెట్టె సంగతి అప్పుడు చూద్దాం."

మరి అంత అవసరం పెట్టుకుని వెనక ఎందుకు వదిలేశావయ్యా అంటారా... అక్కడికే వస్తున్నా.

సెలవుల్లో నాన్న వెంట సెట్‌కి వెళ్లేవాణ్ణి. ముందు నుంచి చూస్తే రాజమహలు. వెనక్కి వెళితే సరుగుడు కర్రలు, గోనెపట్టాలు, మేకులు. మా భోజనాలు ఆ మహలు వెనకే. పాలరాతి స్తంభానికి వీపు ఆనిస్తే చొక్కాకి తెల్లరంగు అంటేది, ఇంటికొచ్చాక అమ్మ తిట్లు... కెమెరా చూడని వైపు పని చేయడం దండగ. మా ఇంట్లో ఇది ఎవరూ నేర్పకుండానే వచ్చే విద్య. పోటీకి ఫొటోలు పంపమన్నారు. అన్నీ కుడి ముందు మూల నుంచే తీశాను. కెమెరా ఉన్నది అక్కడే కదా!

ఫొటోలతో పాటు కారు ఫైలూ పంపాలని, పోటీ పెట్టినాయన దాన్ని చుట్టూ తిప్పి చూస్తాడని నిబంధనల్లో ఉందట. నా ఇంగ్లీషు అక్కడిదాకా వెళ్లలేదు. యాదగిరి అప్పుడే చదివాడు.

సరే, వెనక అతికిద్దామంటే ఆట ఒప్పుకోలేదు. ఒక కారుకు ఇన్ని ముక్కలే అని హద్దు. నేను అన్నీ ముందుకే వాడేశాను. వెనక ఒక్క దీపం పెట్టాలన్నా ముందు నుంచి ఒకటి పీకాల్సిందే.

గ్రిల్ పోతే అందమంతా పోతుందని నేను మొండికేశాను.

"ఎనక వచ్చే బండోడికి నీ గ్రిల్ కనబడుతదా? బ్రేక్ లైట్ లేకుంటే వచ్చి గుద్దుతడు," అన్నాడు యాదగిరి.

పీకడం మొదలుపెట్టాను. అప్పుడొచ్చాడు నాన్న. చొక్కా నిండా ప్లాస్టర్ మరకలు. హాస్టల్‌కి పరుపు కొనాలి, టోలిచౌకి పోదాం పద అన్నాడు. అంటూనే తెర వైపు చూశాడు.

"అంత బాగున్న ముందు భాగం పీకుతున్నావేంట్రా? వెనక ఎవడు చూస్తాడు?"

"పోటీవాళ్లు తిప్పి చూస్తారు నాన్నా."

నాన్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తెర మీదికి వంగి, "ఎడమ దీపం కాస్త కిందికి దిగింది" అన్నాడు. సరిచేశాను.

ఫైలు పంపడం మొదలుపెడితే సగంలో ఆగింది. సెంటర్ నడిపే యాదగిరి వాళ్లన్న, మిగతా కంప్యూటర్ల వాళ్లను జరసేపు లైను వదలమని బతిమాలాడు. ఒకాయన సంబంధాల సైట్లో అమ్మాయి ఫొటో తెరుస్తున్నాడు. పాపం, నుదురు వరకే వచ్చింది. గొణుక్కుంటూనే మూసేశాడు. ఆ మహానుభావుడికి పెళ్లయిందో లేదో... గడువుకు కాస్త ముందు మా ఫైలు వెళ్లింది.

ఆ రోజు పరుపు కొనలేదు. దుకాణం మూసి ఉంటుందన్నాడు నాన్న. ఆరింటికి టోలిచౌకిలో ఏ దుకాణం మూస్తారండీ!

ఫలితం వచ్చేదాకా రేకు పెట్టె గుమ్మం పక్కనే ఉంది. వచ్చిపోయేటప్పుడల్లా కాలికి తగిలేది.

ఓడిపోయాం. మొదటి వరసలో కూడా లేం. మా కారు కింద మాత్రం పోటీ పెట్టినాయన రెండు ముక్కలు రాశాడు. నాన్నకు తెలుగులో చదివి వినిపించాను... ఆడంబరం లేదు, ఎటు తిప్పినా ఒకేలా శ్రద్ధగా ఉంది, బాగుంది అని.

"బాగుందన్నాడా?"

"అన్నాడు. కానీ ఓడిపోయాం నాన్నా."

"గెలవమని నేనన్నానా?"

మర్నాడు ఆ పెట్టెను సెట్‌కి పట్టుకెళ్లి మేకులు పోసుకున్నాడు. ఏళ్ల తరబడి ఫిల్మ్‌నగర్ మహళ్లన్నిటి వెనకా నా పేరు కటౌట్ అక్షరాల్లో వెలిగిందన్నమాట. నేను కాలేజీ గడప తొక్కకుండానే, గీస్తూ గీస్తూ నేర్చుకుని ఆ బొమ్మలతోనే బతికేస్తున్నాను.

ఇప్పుడు ఆటల్లో ఒక పక్క దీపం పెడితే రెండో పక్క దానంతటదే వస్తుంది. మహలును తర్వాత కంప్యూటర్లో అతికించుకోవడానికి సెట్లలో ఎక్కడ చూసినా పచ్చగుడ్డ... దానికి ముందూ లేదు, వెనకా లేదు. భోజనానికి ఎక్కడ కూర్చుంటారో మరి.

మీ ఇంట్లో కూడా సర్దకుండా మిగిలిపోయిన పెట్టె ఏదైనా ఉందా? ఎవరి మాటతో ఆగిందో చెప్పండి... వింటాను.