దసరా పాలపిట్ట, దొరగారి చివరి ప్లేటు

పిట్ట మూలంగా ఉద్యోగం పోగొట్టుకున్నోణ్ణి మీరెక్కడన్నా చూసినారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, ఎదురుగానే కూర్చోనుండాను. నవ్వడం తర్వాత, ముందు ఆ మజ్జిగ చెంబు ఇట్టియ్యండి. చెప్పాలంటేనే గొంతు ఎండిపోతా ఉండాది.

ఆత్మకూరు కచ్చేరీలో నాలుగేళ్లుగా నేను ఉమేదువారునని మీకు తెలుసు గదా. ఉమేదువారంటే గుమాస్తా చేసే పనంతా చెయ్యాల, జీతం మాత్రం అడక్కూడదు. ఎప్పుడో ఒక గుమాస్తా చోటు ఖాళీ అయితే మన పేరు రాస్తారని ఆశ. కరువు పోయినాక మా ఇంట్లో మిగిలింది ఆ ఆశ ఒక్కటే. మొన్నామధ్య ఆ చోటు ఖాళీ అయింది. సరిగ్గా అప్పుడే, ఉదయగిరిలో గుడారం వేసిన మా కచ్చేరీ పెద్ద దొరకు పిట్టల పిచ్చి ముదిరింది.

ఆ దొర దగ్గర మూడు కాళ్ల కెమెరా ఒకటి ఉండాది. ఇన్నాళ్లూ మందు పూసిన గాజు ప్లేటు తడిగా ఉండగానే దాని మీద పటం తియ్యాల, ఎదురుగా ఉన్నోడు ఊపిరి బిగబట్టి కూర్చోవాల. ఇప్పుడు దొరల సీమ నుంచి పొడి ప్లేట్లు వచ్చినాయి. వీటితో ఎగిరే పిట్టను గూడా పట్టొచ్చునంట. "ఎగిరే పాలపిట్ట పటం నాకు కావాల. సాయం చేసినోడి పేరు గుమాస్తా చోటుకు రాస్తాను" అన్నాడు దొర, ఒకరోజు కచ్చేరీకి వచ్చి. కచ్చేరీలో అందరూ తలకాయలు దించుకున్నారు. నేను లేచినాను. బుద్ధి లేక గాదు, అవసరం.

నెల రోజులు ఉదయగిరి కొండ కింద ముళ్లల్లో పడి తిరిగినాము. పెట్టె నేనే మొయ్యాల, మూడు కాళ్లూ నేనే నిలబెట్టాల, తిట్లూ నేనే తినాల. పాలపిట్ట తుమ్మకొమ్మ మీద దర్జాగా కూర్చోనుంటాది. దొర నల్లగుడ్డలో తల దూర్చి "ఉండు, ఉండు" అంటాడు. అది ఉంటాదా? ఆయన తల బయటికి తీసేసరికి సీతారామపురం దారి పట్టేది. ఒక ప్లేటు మీద ఉత్త ఆకాశం. ఒకదాని మీద తోక. ఇంకోదాని మీద దొర టోపీ, గాలికి లేచింది లెండి. "ఎగిరింది ఏదో ఒకటి పడింది గదా దొరా" అన్నాను. అప్పటి నుంచి ఆ టోపీ గూడా నేనే మొయ్యాల్సొచ్చింది.

కడాకు ఒకే ప్లేటు మిగిలింది. అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. దసరా వస్తా ఉండాది గదా. ఆ రోజు పాలపిట్ట కంటపడితే ఏడాదంతా మంచి జరగతాదని జనం పొలాలెమ్మట తిరగతారు. తిరగలేనోళ్ల కోసం మా ఊళ్లో పిట్టలు పట్టే పోలయ్య ఏటా ఒకదాన్ని గంపలో తెచ్చి, జమ్మిచెట్టు దగ్గర మూత తీసి వదులుతాడు. అంటే పిట్ట ఎక్కడ లేస్తాదో, ఎప్పుడు లేస్తాదో ముందే తెలుసు. దొర నా భుజం తట్టి "చోటు నీదే" అన్నాడు. నేను ఇంటికొచ్చి చెప్పినానో లేదో, మా ఇంటిది గురవమ్మ చుట్టుపక్కలందరికీ చెప్పేసింది.

పండగ రోజు గంపకు ఎదురుగా కెమెరా నిలబెట్టినాము. కెమెరా కంటి ముందర చిన్న చెక్క పలక. దారం లాగితే పలక జారతాది, ఆ రెప్పపాటులో పటం పడతాది. "పిట్టను నేను దుర్భిణిలో చూస్తాను, దారం నువ్వు లాగు" అన్నాడు దొర. ప్లేటు పెట్టకముందు పోలయ్య ఉత్త గంప మూత పదిసార్లు ఎత్తినాడు, పదిసార్లూ నేను దారం లాగినాను. ఒక్కసారి గూడా తప్పలేదు.

నా బెంగంతా జనం మీదనే. పిట్ట కనపడితే దండాలు పెడతా అడ్డమొస్తారు గదా. "ఒరే, దండాలు పక్కన నిలబడి పెట్టుకోండిరా, నా ఉద్యోగం మీద పడొద్దండి" అని అరిచి అరిచి అందరినీ దూరం తోసినాను. "ఒక్క ఏడు పిట్టకు దండం పెట్టకపోతే కొంప మునుగుతాదా?" అని గూడా అన్నాను. చూసుకోండి నా పొగరు.

పోలయ్య మూత తీసినాడు. పిట్ట లేచింది. అబ్బ, ఆ నీలం రెక్కలు రెండూ విప్పి, సరిగ్గా కెమెరాకు ఎదురుగా, తీరిగ్గా పోయిందంట. నెల రోజుల్లో ఏ పిట్టా మాకు అంత చక్కంగా కుదర్లేదు. పోయిందంట అని ఎందుకంటా ఉండానంటే, నేను చూడలేదు. కళ్లు మూసుకోనుండాను. రెండు చేతులూ జోడించుకోనుండాను. దారం కింద పడుండాది.

కళ్లు తెరిచేసరికి ఆకాశం ఖాళీ.

"లాగినావా?" అన్నాడు దొర, దుర్భిణి దించతా.

పలక ఎక్కడిది అక్కడే ఉండాది. "లేదు దొరా."

"మరి ఏం చేస్తా ఉండావు?"

"దండం పెట్టుకుంటా ఉండాను దొరా. చిన్నప్పటి అలవాటు. చేతులు వాటంతట అవే లేచినాయి."

పోలయ్య గంప మీద మూత పెట్టి అటు తిరిగి నవ్వతా ఉండాడు. దొర దుర్భిణి పక్కన పెట్టినాడు. "ఏం కోరుకున్నావు?" అన్నాడు.

అబద్ధం చెప్పే ఓపిక గూడా లేదు నాకు. "గుమాస్తా చోటు దొరా" అన్నాను.

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండు. కెమెరా నా వైపు తిప్పి, "చేతులు అట్లాగే పెట్టు, కళ్లు గూడా మూసుకో, కదలొద్దు" అని ఆ చివరి ప్లేటు నా మీద వాడేసినాడు.

చోటు జలదంకి నుంచి వచ్చిన ఇంకో ఉమేదువారుకు ఇచ్చినారు. నాకేమో ఆ పటం పంపించినాడు దొర. గురవమ్మ దాన్ని గోడకు తగిలించి వచ్చినోళ్లందరికీ చూపిస్తా ఉండాది. నెల రోజుల తిప్పల్లో దొరకు బాగా కుదిరిన పటం అదొక్కటే. మీసంలో వెంట్రుకలు గూడా లెక్కబెట్టొచ్చు. అందులో నేను కళ్లు మూసుకోని, ఇంకా ఆ ఉద్యోగమే అడగతా ఉండాను.