పురానాపూల్ దాకా రెండు పాదాలు

ఈ ప్రయాణానికి కారణం నా కాళ్లే. డెబ్బైల చివర్లో ఒకసారి, ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం ఆరాధన ముగిశాక మా పాస్టరు అయ్యగారు నన్ను పక్కకు పిలిచి, "రత్నం, గురువారం సాయంత్రం ఒక కుర్చీ నీది" అన్నారు. శుభ శుక్రవారానికి ముందురోజు, ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన జ్ఞాపకంగా, పురానాపూల్ దగ్గరి మా చర్చిలో అయ్యగారు పన్నెండు మందిని కుర్చీల్లో కూర్చోబెట్టి పాదాలు కడిగేవారు. ఆ పిలుపు కోసం తొమ్మిదేళ్లుగా ఎదురుచూసినవాణ్ని. ఉబ్బితబ్బిబ్బై ఇంటికి వెళ్లి బూట్లు విప్పాను. సంతోషం అక్కడే చల్లారింది. ఇనుము పోతపోసే ఫ్యాక్టరీలో పదేళ్లు బూట్లలో ఉడికిన కాళ్లవి. మడమలు బీటలు వారి, ఆ బీటల్లో మసి. మా ఆవిడ సుగుణ ఒక్క చూపు చూసి, "అయ్యగారి చేతులు గీక్కపోతయ్" అంది.

మూడు రోజులు వేడినీళ్లు, రాయి, కొబ్బరినూనె. నాలుగో రోజు, గురువారం మధ్యాహ్నానికి నా పాదాలు నావేనా అనిపించేలా తయారయ్యాయి. పైన కాస్త పౌడరు కూడా చల్లాను. బూట్లేసుకుంటే ఫ్యాక్టరీ నూనె కంపు అంటుకుంటుందని కొత్త రబ్బరు చెప్పులు వేసుకున్నాను. చర్చి ఊడ్చి కడిగే వంతు తనదని సుగుణ పొద్దున్నే వెళ్లిపోయింది. మా జల్‌పల్లిలో మూడున్నరకు రావాల్సిన చార్మినార్ బస్సు నాలుగుంపావుకు వచ్చింది. అర్ధరూపాయి టికెట్టు తీసుకుని, ఎవరైనా తొక్కుతారన్న భయంతో కాళ్లు రెండూ సీటు మీద పెట్టుకుని కూర్చున్నాను. కండక్టరు వచ్చి, "కాళ్లు కిందికి దించు బాపు, ఇది మీ ఇంట్ల మంచం గాదు" అన్నాడు. దించాను. చాంద్రాయణగుట్ట దాకా ఒక్కో కాలూ మార్చి మార్చి గాల్లోనే ఉంచాను. పక్కాయన నాకేదో జబ్బుందనుకుని లేచి వెనక్కి వెళ్లిపోయాడు.

చార్మినార్ దగ్గర దిగేసరికి అయిదుంపావు. ఆరాధన ఆరింటికి. పురానాపూల్‌కు రూపాయి అని మాట్లాడుకుని సైకిల్ రిక్షా ఎక్కాను. తొక్కే ఆయన పేరు యూసుఫ్. యాభై దాటిన మనిషి, పిక్కలు మాత్రం రాళ్లు.

"హుస్సేనీ ఆలం దిక్కు పైపు కోసం తవ్వి పెట్టిన్రు సాబ్. పేట్లబుర్జు నుంచి పోదాం. జర దూరమైతది గని సాఫ్ ఉంటది" అన్నాడు.

ఎక్కువ డబ్బులు అడగడానికే చుట్టు తిప్పుతున్నాడని నాకు అనుమానం. ముప్పై ఏళ్లుగా ఆ గల్లీలలో రిక్షా తొక్కుతున్నవాడికి, ఆదివారాలు మాత్రమే వచ్చే నేను దారి చెప్పాను. "వద్దు, సీదా పో" అన్నాను.

"మీ మర్జీ" అన్నాడు. పోయాం.

హుస్సేనీ ఆలం దాటిన కాసేపటికే, పగిలిన పైపు నీళ్లు కారి గల్లీ అంతా బురద. చక్రం మోకాలి లోతున దిగబడింది. యూసుఫ్ దిగి లాగుతున్నాడు. నేను కాళ్లు పైకెత్తుకుని, దొరలా సీటు మీదే కూర్చున్నాను. చుట్టూ పదిమంది పోగయ్యారు. హోటలు మెట్ల మీద చాయ్ తాగుతున్న ఒకాయన, "ఏంది భాయ్, దిగుతలేవు? కాళ్లకు మెహందీ పెట్టుకున్నవా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ ముసలాయన ఒక్కడూ రొప్పుతూ లాగుతుంటే నాకు సిగ్గేసింది. దిగాను. రెండడుగులకే ఒక చెప్పు తెగి బురదలో కలిసిపోయింది. మోకాళ్ల దాకా మునిగి, ఇద్దరం కలిసి తోశాం.

బయటపడ్డాక నా కాళ్లు చూసుకుంటే ఏడుపొచ్చింది. ఎందుకింత బాధ అని యూసుఫ్ అడిగాడు. సంగతంతా చెప్పాను. ఆయన ముఖం తుడుచుకుంటూ తాపీగా అన్నాడు: "కడిగెటాయన అక్కడ కూసుంటే, ఖరాబ్ అయినయని ఫికర్ ఏంది?"

ఎక్కి కూర్చున్నాను. చర్చి చేరేసరికి పావుతక్కువ ఏడు. బయట నల్లా తిప్పితే చుక్క రాలేదు. లోపల అయ్యగారు మోకాళ్ల మీద పదకొండో కుర్చీ ముందు ఉన్నారు. పన్నెండోది ఖాళీ. వెనక్కి తిరిగి ఇంటికి పోదామనిపించింది, నిజం. ఇంతలో సంఘపెద్ద నన్ను చూసి రమ్మని చెయ్యూపాడు. ఒక కాలికి చెప్పుతో, రెండో కాలికి లేకుండా, నాపరాళ్ల మీద అడుగుల ముద్రలు వేసుకుంటూ నడిచాను. ఆడవాళ్ల వైపు సుగుణ కొంగు ముఖం మీదికి లాక్కుంది. పొద్దున ఆ నేల కడిగింది ఆమే.

కూర్చున్నాక పళ్లెంలో నీళ్లు చూశాను. పదకొండు మంది కాళ్లు కడిగిన నీళ్లు తాగడానికి పనికొచ్చేంత తేటగా ఉన్నాయి. వాళ్లంతా నాలాగే ఇంట్లో తోముకుని వచ్చినవాళ్లే. అయ్యగారు నా కాలు అందుకున్నారు. నీళ్లు నల్లబడ్డాయి. మడమ బీటల్లోకి వేలు పెట్టి, మూడు రోజుల రాయికి లొంగని మసిని కూడా నెమ్మదిగా తీశారు. సిగ్గుతో చచ్చిపోతూ, "క్షమించున్రి అయ్యగారూ" అన్నాను. ఆయన తలెత్తకుండా అన్నారు: "ఇరవై ఏండ్ల సంది కడిగిన కాళ్లే కడుగుతున్న రత్నం. గియ్యాల పని దొరికింది."

నాకు నవ్వొచ్చింది, దాంతోపాటే కన్నీళ్లూ వచ్చాయి. రెండో పళ్లెం నీళ్లు తెమ్మన్నారు.

అన్నాళ్లూ వినయమంటే వంగి కడిగేవాడిదే అనుకున్నాను. కుర్చీలో కూర్చుని మన మురికి కాలు ఇంకొకరి చేతిలో పెట్టడం అంతకంటే కష్టమని ఆ రోజు తెలిసింది. కనిపించని దేవుణ్ని నమ్ముతున్నానని ప్రతి ఆదివారం పాడుతూ, కళ్లముందున్న రిక్షా మనిషి చెప్పిన దారిని నమ్మలేకపోయిన నా విశ్వాసం కొలత కూడా తెలిసింది. ఇప్పుడు చార్మినార్ నుంచి ఆటోలున్నాయి, ట్రాఫిక్ లేకపోతే పావుగంట. ఆ గురువారం మీరూ అలాంటి ఆరాధనకు వెళ్తుంటే ఒక్కటే సలహా: పనిలోంచి నేరుగా వెళ్లండి, కాళ్లు కడుక్కోకుండా.