ఉబ్బిన పొట్టేలు, రుచుల తాత

ఆ రోజుల్లో మా పుప్పాలగూడలో గొర్రెల కాపరి ఇంటి ఆడపిల్లకు నడక వస్తే చాలు, చేతికి కట్టె ఇచ్చి మంద వెనక పంపేవారు. పలక పట్టాల్సిన చెయ్యి కట్టెకు అలవాటుపడింది, పెళ్లయ్యాక చాటకూ చీపురుకూ. మనవరాలు కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించే నాటికి నా పళ్లు సగం ఊడాయి. అందుకే నిజాం రాజ్యం పోయిన కొత్తలో జరిగిన సంగతి ఇప్పుడు రాస్తున్నాను. (ఒత్తులు తప్పితే మనవరాలినే అడగండి.)

మా అక్కకు గచ్చిబౌలి సంబంధం వచ్చింది. పిల్లవాడికి అక్క నచ్చింది, అక్కకు పిల్లవాడు మరీ నచ్చాడు. ఇక నచ్చాల్సింది పిల్లవాడి తాత నాలుకకే. ఆయనను మేం చాటుగా రుచుల తాత అనేవాళ్లం. ఆడపిల్లవారు తమ మందలోని పొట్టేలును కోసి వండిపెడితే, ముక్క నోట్లో వేసుకుని అది ఏం మేసి పెరిగిందో చెప్పేవాడట. రుచి కుదరకపోతే, "జీవాన్ని సాదరానోళ్లు పిల్లనేం సాదిండ్రు?" అని లేచిపోయేవాడట. ఆ భయంతో అక్క పొయ్యి ముందు కూర్చుని కళ్లు తుడుచుకునేది. అడిగితే పొగ అనేది.

నాయన మంచి పొట్టేలును ఏరి పెరట్లో కట్టేశాడు. అంతవరకూ గుట్టల మీద ఎండుగడ్డి, రేగాకు, తుమ్మకాయలు మేసిన దానికి అల్లుడి మర్యాదలు మొదలయ్యాయి. అమ్మ ఉడికించిన ఉలవలు పెట్టింది, నాయనమ్మ జొన్నరొట్టెలు పెట్టింది, అక్క తన కంచంలోని జొన్న గట్క పెట్టింది. అంతా ఒకరికి తెలియకుండా ఒకరు. విందు ముందురోజు పొద్దున చూస్తే దాని ఎడమ డొక్క డప్పులా బిగిసిపోయింది. నెమరు వేయడం మానేసింది.

"ఏం పెట్టిండ్రే దీనికి?" అని నాయన అరిచాడు.

"నేను జరంతే పెట్టిన," అంది అమ్మ.

"నేను గూడ జరంతే," అంది నాయనమ్మ. అక్క గట్క అంటిన చేతిని వెనక్కి దాచుకుంది.

"పరేషాన్ గాకుండ్రి," అని నాయనమ్మ పొట్టేలుకు నువ్వుల నూనె తాగించి, నన్ను పిలిచింది. "దీని కడుపుల ఉన్నదంత చెడింది. మంచి గొర్రె నెమరు తెచ్చి పెడితేనే మళ్ల మేస్తది. నీ చెయ్యి సన్నగున్నది, తియ్యి బిడ్డా."

హాయిగా నెమరు వేసుకుంటున్న గొర్రె నోట్లో చెయ్యి పెట్టి ఆ పచ్చటి ముద్ద లాగాను. అది నన్ను దొంగను చూసినట్టు చూసి, మిగిలింది నా మొహం మీదే తుమ్మింది. ఆ ముద్దను పొట్టేలు నోట్లో కుక్కాం. సాయంత్రానికి అది త్రేన్చిన త్రేన్పుకు పక్కింటాయన గోడ మీదుగా తొంగి చూసి, "ఏందన్నా, పాణం మంచిగున్నదా?" అని నాయనను అడిగాడు.

కానీ జబ్బుపడిన జీవాన్ని కోయకూడదు. నాయన మందలోంచి ఇంకొకదాన్ని తెచ్చాడు. చిక్కి, ఎముకలు తేలిన పొట్టేలు. "ఇగ అయిపోయింది సంబంధం," అని అమ్మ తల పట్టుకుంది.

మర్నాడు తాత ముక్క నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు. అక్క తలుపు వెనక నక్కి చూస్తోంది.

"ఏం పెట్టి సాదిండ్రు దీన్ని?"

"ఉలవలు," అని అమ్మ, "జొన్నరొట్టె బావా," అని నాయనమ్మ ఒక్కసారే అన్నారు.

తాత పగలబడి నవ్వాడు. "నన్నే మోసం జేస్తవా వదినె? గిది గుట్ట మేసిన జీవం. తుమ్మకాయ, రేగాకు తిన్నది. కట్టేసి మేపితే కొవ్వొస్తది గని గీ రుచి రాదు. పిల్లను మాకియ్యుండ్రి."

అదే సమయానికి పెరట్లోంచి పెద్ద త్రేన్పు వినిపించింది.

"గదెవరు?"

"మా పొట్టేలు మామా," అన్నాడు నాయన. "దానికి ముందే విందయింది."

ఆ గుట్టలు పగలగొట్టి కట్టిన అద్దాల ఆఫీసులోనే ఇప్పుడు మనవరాలి ఉద్యోగం. కడుపు బాగాలేకపోతే చిన్న సీసాలో పెరుగులాంటిదేదో తాగుతుంది. "ఇందులో కడుపుకు మంచి చేసే క్రిములుంటయి అమ్మమ్మా," అని నాకే చెబుతుంది. (తాను తాగేటప్పుడు గొర్రె నోటి కథ ఎత్తకూడదని నాకు గట్టి ఆజ్ఞ.)

విందు మర్నాడు పొద్దున్నే లేచి పొట్టేలు తాడు విప్పాను. గుట్ట మీదికి తోలుకుపోయి కట్టెతో తుమ్మకొమ్మ దులిపాను. అది కాయలు నములుతుంటే, తాత చెప్పిన ఆ రుచేమిటో చూద్దామని పక్కనే కూర్చుని నేనూ ఒకటి నమిలాను. వగరుకు నాలుక ముడుచుకుపోయింది. అయినా ఉమ్మలేదు, పొట్టేలు నావైపే చూస్తోందని మింగేశాను.