మొదటి పీరియడ్‌లో అభ్యంతరం

తాజుద్దీన్ భాయ్ అభ్యంతరం చెప్పకుండా ఈ భూమ్మీద ఏ పనీ మొదలు కావడానికి వీల్లేదు. ఇది నేను మాటవరసకు అంటున్నది కాదు. ఆయన భార్య జోహరా బీ స్వయంగా ఇచ్చిన వాంగ్మూలం ప్రకారం, సొంత నిఖాలో ఖాజీ సాబ్ “ఖుబూలేనా?” అని అడిగితే పెండ్లికొడుకు చెయ్యెత్తి, “ఖుబూలే గానీ, ముందు ఒక్క అబ్జెక్షన్. కాయితంల మా ఊరు మెట్‌పల్లి అని రాసిండ్రు. మాది కోరుట్ల,” అన్నాడట. కాగితం దిద్దేసరికి బిర్యానీ చల్లారిపోయిందని ఆమె ఫిర్యాదు. ఆ ఫిర్యాదు మీద కూడా ఆయనకు అభ్యంతరం ఉంది. చల్లారింది బిర్యానీ కాదట, బగారన్నం.

కోరుట్ల బస్టాండు పక్కన తాళంచెవులు చేసే డబ్బా కొట్టు ఆయనది. దూరవిద్యలో సంపాదించిన డిగ్రీ ఒకటి అందులో గోడకు వేలాడుతుండేది. యాభై రెండేళ్ల వయసులో లా చదవాలనిపించడానికి కారణం ఒక దొంగతనం కేసు. తాళం పగలగొట్టారా, మారుచెవితో తీశారా అన్నది చెప్పడానికి ఆయన్ని సాక్షిగా పిలిచారు. పదకొండు వాయిదాలకు పదకొండుసార్లు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లాడు. పన్నెండోసారి వెళ్లేసరికి రెండు పక్షాలూ రాజీపడి చాయ్ తాగుతున్నాయి. ఆయన్ని ఎవరూ ఒక్క ముక్క అడగలేదు.

“ఏడాదిన్నర ఆ మాట నోట్లె పెట్టుకొని తిరిగిన భాయ్,” అన్నాడు నాతో. “సాక్షిగ చెప్పనియ్యలే. వకీలునై లేస్తె ఎవడాపుతడో చూస్త.”

ఎంట్రెన్సుకు డబ్బాలోనే చదివాడు. గిరాకీగా వచ్చినవాళ్లు తాళం ఆయన చేతికిచ్చి, ప్రశ్నల పుస్తకం తమ చేతికి తీసుకుని, చెవి తయారయ్యేదాకా ఆయన్ని పరీక్షించాలి. ఆ ఏడాది కోరుట్లలో తాళం పోగొట్టుకున్నవాళ్లలో సగం మందికి ప్రాథమిక హక్కులు కంఠతా వచ్చాయి. పరీక్షయ్యాక జవాబుల పట్టిక పెట్టి, అభ్యంతరాలుంటే పంపమన్నారు. ఆయన్ని పిలిచి మరీ అభ్యంతరం అడగడం ఆయన జీవితంలో అదే మొదలు. తొమ్మిది పంపాడు. అందులో ఒకటి ఆయనకు మార్కు వచ్చిన ప్రశ్న మీద.

“మార్కు వచ్చింది కదా భాయ్?”

“వచ్చింది. గుడ్డిగ పెట్టిన. గుడ్డిగ పెట్టినోనికి మార్కు ఎట్ల ఇస్తరు?”

అలా ఆయన కోరుట్ల నుంచి, నేను సిరిసిల్ల నుంచి వచ్చి జగిత్యాలలో ఒకే లా కాలేజీలో పడ్డాం. నాకు ఆయన పక్క బెంచీ విధించబడింది. మూడేళ్లు, మినహాయింపుల్లేకుండా.

మొదటి పీరియడ్ ప్రభాకర్ రావు సార్‌ది. ముప్పై ఏళ్లు కోర్టులో వాదించి, అలసిపోయి, మాకు కాంట్రాక్టు చట్టం చెప్పడానికి వచ్చిన మనిషి. ఆయన చట్టం చాలా చిన్నది: ముందు నిన్నటి పాఠంలో సందేహాలు, తర్వాత హాజరు, తర్వాత ఇవాళ్టి పాఠం. హాజరు పట్టీ తెరిచేటప్పుడు ఎదురుగా లేనివాళ్లు ఆ రోజు భూమ్మీదే లేనట్టు. నూటికి డెబ్బయి అయిదు రోజులు భూమ్మీద ఉన్నట్టు రుజువైతేనే పరీక్షకు హాల్ టికెట్. లేకపోతే సంవత్సరం పోయినట్టే.

ఈ చట్టం నేరుగా తగిలింది రాయికల్ నుంచి వచ్చే కల్యాణికి. తల్లి శంకరవ్వకు మోకాళ్ల నొప్పులు. చుట్టిన బీడీ కట్టల్ని పొద్దున్నే కార్ఖానాకు మోసుకుపోయి, వరుసలో నిలబడి అప్పజెప్పి రావలసింది కల్యాణే. ఆ తర్వాత దొరికే బస్సు జగిత్యాల చేరేసరికి క్లాసు మొదలై పావుగంట. మొదటి వారంలో నాలుగు రోజులు ఆమె గడప దాటేసరికి పట్టీ మూసి ఉంది. వెనక బెంచీలో కూర్చునేది. ఏడాది పోతే ఇంట్లో మళ్లీ కాలేజీ మాట ఎత్తనివ్వరని అందరికీ తెలుసు.

రెండో వారం నుంచి తాజుద్దీన్ భాయ్ లేవడం మొదలుపెట్టాడు.

“సార్, ఒక్క అబ్జెక్షన్.”

“చెప్పు తాజుద్దీన్.”

“బస్సెక్కి టికెట్ తీసుకుంటె కాంట్రాక్టు అన్నరు నిన్న. బరాబరే. కానీ లోపల సీటు లేదు. కోరుట్ల నుంచి జగిత్యాల దాంక ఒంటికాలు మీద నిలబడ్డ. ఒంటికాలుకు నేనెప్పుడు ఒప్పుకున్న సార్?”

సార్ జవాబు చెప్పేవారు. జవాబు మీద భాయ్‌కి ఇంకో అభ్యంతరం. రెండో కాలు ఎవరి పాదం మీద పడిందో, ఆ పాదం గలవాడు ఈ ఒప్పందంలో పక్షమా కాదా అన్నది మూడోది. రోజుకు పదిహేను, ఇరవై నిమిషాలు ఇలా గడిచేవి. అక్టోబరు వచ్చేసరికి మా సిలబస్ సెప్టెంబరులోనే కూర్చుంది.

“గీయన మనకు క్లాస్‌మేటా, శిక్షనా?” అని మహేందర్ పళ్లు నూరాడు. మహేందర్ మా తరగతిలో అందరికంటే ముందు వకీలయ్యేవాడు. నల్ల కోటు మొదటి నెలలోనే కుట్టించుకున్నాడు. అతనూ నేనూ కలిసి, పాఠాలకు అడ్డం పడుతున్నాడని భాయ్ మీద పిటిషన్ రాశాం. నలభై రెండు సంతకాలు పడ్డాయి. పెట్టనిది కల్యాణి ఒక్కతే.

“అన్నా, తాజుద్దీన్ చాచ మీద నేను సంతకం పెట్టను,” అంది. “పాఠం జరగకపోతె నేను ఇంటికాడ చదువుకుంట.”

పిటిషన్ ఎలాగో భాయ్ చేతికే వచ్చింది. రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీశాడు.

“అబ్జెక్షన్. తేదీ లేదు. ఎవలకు ఇస్తున్నరో లేదు. ‘తరచు’ అని రాసిండ్రు, ఎన్ని దినాలో లేదు. గిది నిలువది భాయ్. కొట్టేస్తరు.” తర్వాత పెన్ను తీసి, తన మీది ఫిర్యాదును తనే శుభ్రంగా దిద్ది, తేదీలతో సహా తిరగరాసి ఇచ్చాడు. అంతకంటే గట్టి పిటిషన్ నేను ఈనాటికీ రాయలేదు.

ప్రభాకర్ రావు సార్ దాన్ని ఆసాంతం చదివి తీర్పు చెప్పారు. “ఇయ్యాల్టి సంది తాజుద్దీన్ రోజుకు ఒక్కటే ప్రశ్న అడుగుతడు. ఎంత పొడుగుండాల్నో మీరు రాయలేదు గనుక, నేను గూడ చెప్పను.”

మర్నాడు భాయ్ ఒక్కటే ప్రశ్న అడిగాడు. దానికి పదకొండు ఉపప్రశ్నలు. ఎనిమిదో ఉపప్రశ్నలో, ‘ఒకవేళ ఆ మేక అప్పటికే’ అన్నచోట, కల్యాణి గడప దాటింది. భాయ్ కూర్చున్నాడు. మేకకు ఏమైందో ఎవరికీ తెలియదు.

నాకు అనుమానం అప్పుడే వచ్చింది. శుక్రవారం ఎవరిదో జీపు దొరికి కల్యాణి ముందే వచ్చింది. ఆ రోజు ప్రపంచంలో దేని మీదా భాయ్‌కి అభ్యంతరం లేదు. సార్ సందేహాలున్నాయా అంటే కిటికీలోంచి చూస్తూ తల అడ్డంగా ఊపాడు.

సాయంత్రం చాయ్ హోటల్లో నిలదీశాను. “ఇదంతా కల్యాణి హాజరు కోసమేనా?”

“అబ్జెక్షన్. జవాబు నీ ప్రశ్నలనే ఉన్నది. గట్ల అడగొద్దు.”

“భాయ్!”

సాసర్లో చాయ్ ఊదుకున్నాడు. “చూడు, గా బిడ్డకు సంగతి తెలిస్తె రేపటిసంది కార్ఖానకన్న పోదు, కాలేజీకన్న రాదు. ఒకల పుణ్యాన హాజరు వడుతున్నదంటె ఒప్పుకునే పిల్ల గాదు. నువ్వు నోరు తెరిస్తె నీ రూం తాళంచెవి నా కాడనే జేపిచ్చినవు, యాది పెట్టుకో.”

నేను రహస్యం కాపాడాను. మహేందర్‌కు ఒక్కడికే చెప్పాను. మర్నాటికి తరగతి మొత్తానికి తెలిసింది, కల్యాణికి తప్ప. పిటిషన్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

డిసెంబరులో శంకరవ్వ మోకాలికి ఆపరేషన్ అయింది. కల్యాణికి రెండు వారాలు పోయాయి. నోటీసు బోర్డు మీద లెక్క అతికించారు: సెమిస్టర్‌లో మిగిలినవి ఆరు రోజులు, ఆరూ వస్తేనే హాల్ టికెట్. అయిదు రోజులు భాయ్ అభ్యంతరాల్లో దొర్లిపోయాయి. ఆరో రోజు జలుబుతో ఆయన గొంతు పట్టుకుపోయింది. సరిగ్గా ఆనాడే మా ఫోన్లలో కల్యాణి కబురు మోగింది: ‘బస్సు టైరు పంచర్. వేరే బస్సెక్కిన. సార్‌కు చెప్పకుండ్రి.’

“సందేహాలున్నయా?” అన్నారు సార్.

భాయ్ లేచాడు. నోరు తెరిచాడు. గాలి మాత్రమే వచ్చింది. చెయ్యి గాల్లో ఆడించాడు, గొంతు పట్టుకున్నాడు, మళ్లీ నోరు తెరిచాడు. ఆ ముఖం చూడలేక నేను లేచాను.

“సార్, ఒక అబ్జెక్షన్.”

“నీకా?” అన్నారు సార్.

నా దగ్గర ప్రశ్న లేదు. లేచాక వెతుక్కున్నాను. మైనరు కుదుర్చుకున్న ఒప్పందం గురించి మొదలుపెట్టి, ఆ మైనరును మల్యాల దాకా తీసుకెళ్లి, అక్కడ దారి తప్పించాను. సార్ ఓపికగా విన్నారు.

“నీ ప్రశ్నకు తల లేదు, తోక లేదు,” అన్నారు. “అయినా కానియ్యి.”

నేను నీరసించాక మహేందర్ లేచాడు, నల్ల కోటు బొత్తాం పెట్టుకుంటూ. మైనరుకు ఒక మేనమామను పుట్టించాడు. మేనమామకు ఎవరో ఒక పొలం రాసిచ్చారు. ముందు బెంచీలో ఇంకో రెండు చేతులు లేచి వరుసలో ఉన్నాయి. భాయ్ మాత్రం తల పట్టుకుని కూర్చున్నాడు. మా వాదనలోని లొసుగులు ఒక్కొక్కటే వినబడుతున్నా, చెప్పడానికి గొంతు లేని మనిషి పడే బాధ అది.

ముప్పై అయిదో నిమిషంలో కల్యాణి గడప మీద ఆయాసపడుతూ నిలబడింది.

“లోపలికి రా బిడ్డా. ఇంక హాజరు తీయలేదు. ఇయ్యాల మీ క్లాసుకు జ్ఞానం మీద ఆశ పుట్టింది,” అని సార్ పెన్ను మూత తీసి పట్టీ తెరిచారు. కల్యాణి పేరు పిలిచారు. పలికింది. టిక్కు పడింది.

సరిగ్గా అప్పుడు పక్క బెంచీలో చెయ్యొకటి లేచింది. తాజుద్దీన్ భాయ్‌ది. మహేందర్ పుట్టించిన మేనమామకు ఆ పొలం మీద ఏ హక్కూ లేదని చెప్పకుండా ఆయన ప్రాణం నిలిచేట్టు లేదు.

సార్ తలెత్తకుండానే తర్వాతి పేరు మీద వేలు పెట్టారు.

“గొంతు వచ్చినంక వింట తాజుద్దీన్. రేపటికి వాయిదా.”